‘చూద్దాం’ అని రాస్తే ఎవరు చూస్తారు?

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఉత్తరాల పేజీ నేను చాలా ఏళ్లుగా చదువుతున్నాను. రోడ్ల గుంతలు, కరెంటు కోతలు, ఆగిపోయిన పింఛన్లు, అన్నీ వస్తుంటాయి, రావాలి కూడా. నేను రాయబోయేది మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోని సంగతి. ఆఫీసుల్లో, ఫ్యాక్టరీల్లో మీటింగ్ అయ్యాక రాసే మినిట్స్ గురించి. అదేం పెద్ద విషయమండీ అనిపించొచ్చు. నాకూ మొదట్లో అలాగే అనిపించేది. ఒక కుర్రవాడి చెయ్యి కాలాకగానీ అది ఎంత పెద్ద విషయమో నాకు తెలిసిరాలేదు, అందుకే ఉత్తరం కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవమని అడుగుతున్నాను.

నేను టైపు హయ్యర్, షార్ట్‌హ్యాండ్ లోయర్ పాసై 1996లో హైదరాబాద్ శివార్లలో ఒక మందుల ఫ్యాక్టరీ ఆఫీసులో చేరాను. పేరు చెప్పను, చెప్పాల్సిన అవసరమూ లేదు, ఎందుకంటే నేను చెప్పే పద్ధతి ఆ ఒక్క చోటే కాదు, చాలా చోట్ల ఉంది. చేరిన నెలలోనే మా మేనేజర్ గారు పిలిచి ‘నీకు షార్ట్‌హ్యాండ్ వచ్చు కదమ్మా, ఇక మీటింగుల్లో నువ్వే కూర్చో’ అన్నారు. అంతే, ఇరవై ఏడేళ్లు కూర్చున్నాను. ప్రొడక్షన్ మీటింగులు, కొనుగోళ్ల మీటింగులు, క్యాంటీన్ కమిటీ, సేఫ్టీ కమిటీ, అన్నింటికీ మినిట్స్ రాసింది నేనే. ఎలా రాయాలో ఒక్కరూ నేర్పలేదు. పాత ఫైలు ఒకటి ముందు పెట్టి ‘ఇలా రాసెయ్’ అన్నారు, నేనూ అలాగే రాసేశాను.

అసలు సంగతి సేఫ్టీ కమిటీలో జరిగింది. ఈ కమిటీ ఎవరో దయతో పెట్టింది కాదు. భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించినప్పుడు 41-జి అనే సెక్షన్ చేర్చారు. ప్రమాదకరమైన పదార్థాలతో పని జరిగే ఫ్యాక్టరీల్లో కార్మికుల తరఫున ఎంతమందో యాజమాన్యం తరఫున అంతేమంది కూర్చుని భద్రత గురించి మాట్లాడుకోవాలని అది చెప్పేది. దాని పక్కనే 41-హెచ్ ఉండేది. ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పు పొంచి ఉందని కార్మికుడికి గట్టిగా అనిపిస్తే నేరుగాగానీ, కమిటీలో ఉన్న తన ప్రతినిధి ద్వారాగానీ యాజమాన్యానికి చెప్పే హక్కు అది. అంటే ఆ గదిలో కార్మికుడు నోరు తెరిస్తే అది చట్టం ఇచ్చిన నోరు. దాన్ని కాగితం మీదికి ఎక్కించాల్సిన చెయ్యి నాది. నేను పనిచేసినంత కాలం ఆ కమిటీ ఆ చట్టం కిందే నడిచింది, కానీ ఈ రెండు సెక్షన్లు ఉన్నాయన్న సంగతి నాకు ఉద్యోగంలో చేరిన ఎన్నో ఏళ్లకు తెలిసింది.

ఒక మీటింగులో శ్రీకాకుళం నుంచి వచ్చి మా దగ్గర చాలాకాలంగా పనిచేస్తున్న ఆపరేటర్ ఒకాయన లేచి నిలబడ్డాడు. కూర్చునే మాట్లాడొచ్చు, కానీ ఆయన ఎప్పుడూ నిలబడే మాట్లాడేవాడు. మూడో బ్లాకులో రెండో రియాక్టర్ (రసాయనాలు కలిపే పెద్ద పాత్ర) అడుగు వాల్వ్ దగ్గర గ్యాస్కెట్ (అతుకు దగ్గర లీకు రాకుండా వేసే రింగు) పాడైందని, సాల్వెంట్ (తేలిగ్గా అంటుకునే ద్రావకం) చెమ్మగా పడుతోందని, రాత్రి షిఫ్టులో వాసన బాగా తెలుస్తోందని, కింద ఓ బకెట్ పెట్టి నెట్టుకొస్తున్నామని చెప్పాడు. మెయింటెనెన్స్ పెద్ద ‘చూద్దాం, షట్‌డౌన్ వస్తోంది కదా, అప్పుడు మార్చేద్దాం’ అన్నారు. ఎప్పుడు షట్‌డౌన్, అంటే ప్లాంటు ఆపేది ఎప్పుడు అని ఎవరూ అడగలేదు. తర్వాతి అంశానికి వెళ్లిపోయారు.

నేను షార్ట్‌హ్యాండ్‌లో ఆ మాటలన్నీ రాసుకున్నాను, బకెట్‌తో సహా. టైపు చేసి మేనేజర్ గారికి చూపిస్తే ఆయన పెన్సిల్‌తో ఆ పేరా మొత్తం చుట్టి ‘ఇంత వివరం ఎందుకు, చూసేవాళ్లకు బాగుండదు, కుదించు’ అన్నారు. కుదించాను. చివరికి ఫైల్లోకి వెళ్లిన వాక్యం ఇది, నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు: ‘మూడో బ్లాకు నిర్వహణకు సంబంధించిన అంశాలు చర్చించడమైనది. సంబంధిత విభాగం తగు చర్యలు తీసుకొనవలెను.’ నిజానికి అది ఇంగ్లీషులో టైపు చేశాను, మీకు తెలుగులో చెబుతున్నాను. దాని కింద అందరితో పాటు ఆ ఆపరేటర్ కూడా సంతకం పెట్టాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. ‘నేను చెప్పింది రాశారా మేడమ్’ అని అడిగాడు, ‘రాశాను’ అన్నాను. నేను అబద్ధం చెప్పానని ఆ రోజు నాకు అనిపించలేదు. మూడో బ్లాకు అని రాశాను కదా అనుకున్నాను.

ఏడు వారాల తర్వాత ఒక రాత్రి ఆ వాల్వ్ దగ్గరే మంట లేచింది. హెల్పర్‌గా చేరి ఆర్నెల్లు కూడా కాని కుర్రవాడికి కుడి చెయ్యి, మెడ కాలాయి. ప్రాణం దక్కింది, ఆ చేతి వేళ్లు మాత్రం మళ్లీ పూర్తిగా ముడుచుకోలేదు. విచారణ పెట్టారు. మెయింటెనెన్స్ వాళ్లు మాకెవరూ చెప్పలేదన్నారు. సేఫ్టీ కమిటీ మినిట్స్ తెప్పించి చూస్తే అందులో ఏముంది? తగు చర్యలు. ఏ వాల్వ్, ఎవరు చెప్పారు, ఎవరు మారుస్తామన్నారు, ఎప్పటికల్లా, ఒక్కటీ లేదు. పైగా ఆ ఆపరేటర్‌కే మెమో తయారు చేశారు, లీక్ అవుతోందని తెలిసి కూడా రాతపూర్వకంగా తెలియజేయలేదని. ఆయన నా టేబుల్ దగ్గరికొచ్చి ఆ మెమో చూపించి ‘మేడమ్, మీరు రాశారు కదా’ అన్నాడు. కోపంగా అనలేదు. నేను రాశానన్న నమ్మకంతో అన్నాడు, అందుకే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు నా పాత షార్ట్‌హ్యాండ్ పుస్తకం వెతికి, ఆ పేజీని ఉన్నదున్నట్టు టైపు చేసి, రెండూ తీసుకెళ్లి విచారణ చేస్తున్నాయన ముందు పెట్టాను. చేతులు వణికాయి, ఉద్యోగం పోతుందేమోనన్న టెన్షన్ కూడా ఉంది. ఆయన చదివి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘బకెట్ పెట్టారా?’ అని మాత్రం అడిగారు. మెమో వెనక్కి తీసుకున్నారు. నాకేమీ కాలేదు. కానీ ఆ పేజీ ఏడు వారాల ముందే ఫైల్లో ఉండి ఉంటే ఎవరో ఒకరు గ్యాస్కెట్ మార్చి ఉండేవారు కదా అన్నది నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అప్పట్నుంచి నేను మినిట్స్ రాసే తీరు మార్చుకున్నాను. ఒక్కసారిగా మారలేదు, గొడవలు పడి, బతిమాలి, కొన్నిసార్లు మేనేజర్ల మాట కాదని మార్చుకున్నాను. నేర్చుకున్నది నాతోనే పోకూడదని ఈ ఉత్తరం.

మొదట క్రియాపదాల సంగతి చెబుతాను, మన తెలుగువాళ్ల మీటింగుల్లో అసలు కిటుకు అక్కడే ఉంది. ‘చూద్దాం’, ‘చేద్దాం’, ‘మాట్లాడదాం’, ‘అడుగుదాం’. ఎంత మర్యాదగా, అందర్నీ కలుపుకుపోయినట్టు ఉంటాయో ఈ మాటలు! కానీ చేద్దాం అన్నప్పుడు చేసేది ఎవరు? గదిలో పది మంది ఉంటే పది మందీ పక్కవాడు చేస్తాడులే అనుకుంటారు. దీనికి కాగితం మీద ఇంకో రూపం ఉంది: ‘చర్యలు తీసుకోబడును’. అందులో మనిషే ఉండడు. ‘సంబంధిత అధికారులు’, ‘తగు చర్యలు’, ‘త్వరలో’, ‘వీలైనంత త్వరగా’, ఇవి కూడా ఆ బాపతే. నేను చేసిందల్లా ఒకటే, ఎవరైనా ‘చేద్దాం’ అనగానే పెన్ను ఆపి తలెత్తి ‘ఎవరు చేస్తారని రాయమంటారు సార్? ఏ తేదీ లోపల?’ అని అడగడం. మొదటి నాలుగైదు సార్లు గదిలో అందరూ నావైపు అదోలా చూశారు. ఒకాయనైతే ‘నీ పని రాసుకోవడం’ అని మొహం మీదే అన్నారు. రాసుకోవడానికే అడుగుతున్నానండీ అన్నాను. కొన్ని నెలలు గడిచేసరికి నేను తలెత్తకముందే వాళ్లే పేరూ తేదీ చెప్పడం మొదలుపెట్టారు.

అదే వాల్వ్ గురించి ఇప్పుడు రాయాల్సి వస్తే ఇలా రాస్తాను: ‘మూడో బ్లాకు, రెండో రియాక్టర్ అడుగు వాల్వ్ దగ్గర సాల్వెంట్ లీక్ అవుతోందని, రాత్రి షిఫ్టులో వాసన ఎక్కువగా ఉందని, కింద బకెట్ పెట్టారని కార్మికుల ప్రతినిధి చెప్పారు. గ్యాస్కెట్ 14వ తేదీ లోపు మారుస్తామని మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జి ఒప్పుకున్నారు. అప్పటిదాకా ఆ రియాక్టర్ నడపాలా వద్దా అన్నది ప్రొడక్షన్ మేనేజర్ ఈ సాయంత్రం లోపు చెబుతారు.’ మూడు వాక్యాలు. రాయడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. ఇక్కడ మనుషుల పేర్లు ఇవ్వకూడదని హోదాలు రాశాను గానీ మినిట్స్‌లో పేరే రాయాలి, ఎందుకంటే హోదా బదిలీ అవుతుంది, ‘అప్పుడు నేను లేను’ అని వచ్చినాయన అంటారు.

చాలామంది అనుకునేది ఎవరేమన్నారో మొత్తం రాస్తేనే మంచి మినిట్స్ అని. అక్కర్లేదు. గంటన్నర మీటింగులో అరగంట ఒకరు చెప్పిందే ఇంకొకరు చెబుతారు, అందులో కాస్త పొగడ్త ఉంటుంది, కాస్త పాత కోపం ఉంటుంది. అదంతా కాగితం మీదికి ఎక్కక్కర్లేదు. ఏం తేల్చారు, ఎందుకు తేల్చారు, ఎవరు ఒప్పుకున్నారు, ఎవరు ఒప్పుకోలేదు, ఏది తేలకుండా మిగిలింది, ఇవి చాలు. కానీ ప్రమాదం గురించి, డబ్బు గురించి, ఒక మనిషి ఉద్యోగం గురించి ఎవరైనా హెచ్చరించినప్పుడు మాత్రం కుదించకూడదు, వాళ్ల మాట వాళ్ల మాటగానే ఉండాలి. బకెట్ అన్నాడంటే బకెట్ అనే రాయాలి. ఆ ఒక్క మాటే విచారణలో ఆయన్ని కాపాడింది.

ఒప్పుకోనివాళ్ల గురించి ఇంకో మాట. మన దగ్గర ‘ఏకగ్రీవంగా’ అన్న మాట మీద మోజు ఎక్కువ. ఇద్దరు వద్దన్నా సరే ‘సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించారు’ అని రాసేస్తారు, వద్దన్నవాళ్లు కూడా పోనీలే అని సంతకం పెట్టేస్తారు. కంపెనీల డైరెక్టర్ల మీటింగులకైతే చట్టం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. 2013 కంపెనీల చట్టం 118వ సెక్షన్ ప్రకారం ఎవరెవరు హాజరయ్యారో రాయాలి, ఏదైనా తీర్మానాన్ని ఎవరైనా ఒప్పుకోకపోతే వాళ్ల పేరు కూడా రాయాలి. మీటింగ్ ముగిసిన 30 రోజుల్లోపు మినిట్స్ పుస్తకంలోకి ఎక్కించాలి, పేజీలకు వరుసగా నంబర్లుండాలి, విడి కాగితాలు తెచ్చి అతికించకూడదు. ఆ మినిట్స్‌ను తారుమారు చేసినట్టు తేలితే రెండేళ్ల దాకా జైలు, పైన జరిమానా. పెద్ద పెద్ద వాటాదారుల డబ్బు కోసం ఇంత జాగ్రత్త పెట్టిన మనం కింద షాపు ఫ్లోర్‌లో మనిషి ఒంటి కోసం జరిగే మీటింగును నాలుగు ముక్కల్లో చుట్టేయడం నాకు మింగుడు పడదు.

తప్పు దిద్దడం గురించి కూడా చెప్పాలి. మందుల ఫ్యాక్టరీల్లో బ్యాచ్ రికార్డులు, అంటే ఒక్కో విడత మందు ఎలా తయారైందో రాసేవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. తప్పు పడితే వైట్నర్ పూయరు, గీకరు, కొట్టేసి నల్లగా చేయరు. ఒక్క గీత మాత్రమే గీస్తారు, కింద ఉన్నది చదవడానికి వీలుగా. పక్కన సరైనది రాసి, పొట్టి సంతకం, తేదీ, ఎందుకు మార్చారో ఒక ముక్క. నేను ఈ అలవాటును వాళ్ల దగ్గర నేర్చుకుని మినిట్స్‌కు తెచ్చుకున్నాను. పై ఆఫీసరు ఏదైనా మార్చమంటే కాదనను, మారుస్తాను, కానీ గీత కింద పాత మాట కనిపిస్తుంది, పక్కన ఆయన సంతకం పడాలి. అలా అనేసరికి సగం మార్పులు ఆయనే వద్దనేవారు. కంప్యూటర్లో రాసేవాళ్లు పాత డ్రాఫ్ట్ చెరపకుండా, మార్చినప్పుడల్లా వేరే పేరుతో దాచుకుంటే ఇదే పని జరుగుతుంది.

ఇక భాష. నా ఉత్తరంలో అన్నింటికన్నా ముఖ్యమైన మాట ఇదే. మీటింగ్ మొత్తం తెలుగులో జరుగుతుంది. తిట్టుకునేది తెలుగులో, నవ్వుకునేది తెలుగులో, లెక్క చెప్పేది తెలుగులో. కాగితం మీదికి వచ్చేసరికి ఇంగ్లీషు. ఎందుకని అడిగితే పైవాళ్లు చదవాలి కదా అంటారు. మరి కిందివాళ్లు చదవక్కర్లేదా? సంతకం పెట్టేది వాళ్లు కూడా కదా! చదవలేని కాగితం మీద సంతకం పెట్టించుకోవడం, వేలిముద్ర వేయించుకుని పొలం రాయించుకున్న పాత రోజుల కన్నా ఏం మెరుగు? తెలుగు మన అధికార భాష అని 1966లోనే చట్టం చేసుకున్నాం. ఆ చట్టం ప్రైవేటు ఫ్యాక్టరీకి వర్తించదని నాకూ తెలుసు. చట్టం చెప్పకపోయినా చేయొచ్చు. మా దగ్గర తర్వాత్తర్వాత సేఫ్టీ కమిటీ, క్యాంటీన్ కమిటీ మినిట్స్ తెలుగులోనే రాసి, పైవాళ్ల కోసం ఇంగ్లీషు కాపీ వేరే చేసేదాన్ని. వాల్వ్, పంపు, పర్మిట్, గ్యాస్కెట్, ఈ మాటలకు తెలుగు వెతుక్కుంటూ కూర్చోలేదు, వాళ్లు ఏ మాట అంటారో అదే తెలుగు లిపిలో రాశాను. ఒడియా, హిందీ మాట్లాడే కుర్రాళ్లు ఎక్కువయ్యాక వాళ్లలో ఒకరిచేత చదివించి చెప్పించేవాళ్లం. కొంత పని పెరుగుతుంది, అవును. ఆ పని చేయకపోతే ఏమవుతుందో పైన చెప్పాను.

తెలుగులో మినిట్స్ రాయడం కుదరదనేవాళ్లను నేను మా వదిన వాళ్ల ఊరికి తీసుకెళ్లాలనుకుంటాను. నల్గొండ జిల్లాలో ఒక చిన్న పల్లె. మా వదిన పొదుపు సంఘంలో చేరి ఇరవై ఏళ్లు దాటింది. ఒకసారి పండక్కి వెళ్లినప్పుడు వాళ్ల మీటింగులో నేనూ చాప మీద కూర్చున్నాను. ముందు పేర్లు పిలిచి హాజరు వేశారు. రానివాళ్లు ఎందుకు రాలేదో కూడా రాశారు, ఒకామె కూతురి కాన్పుకు వెళ్లింది. పోయిన మీటింగులో ఏం అనుకున్నామో ఆ బుక్ కీపర్ అమ్మాయి గట్టిగా చదివింది. తర్వాత పొదుపు ఎంత వచ్చింది, ఎవరికి అప్పు, ఎంత, దేనికి, ఎన్ని వాయిదాల్లో కడుతుంది. బర్రె కొనడానికని ఒకామె అడిగితే పాత వాయిదా ఒకటి బాకీ ఉందని ఇంకొకామె అడ్డు చెప్పింది, కాసేపు గట్టిగానే వాదించుకున్నారు, చివరికి పాత వాయిదా కట్టాకే ఇవ్వాలని తేల్చారు. అది తీర్మానంగా రాసి, మళ్లీ చదివి, అందరూ సంతకాలు పెట్టారు. సంతకం రాని పెద్దామె ‘నేనన్న మాట ఏడ రాసినవ్ బిడ్డా, చూపియ్యి’ అని ఆ వరుస మీద వేలు పెట్టించుకుని, చదివించుకుని, అప్పుడు వేలిముద్ర వేసింది.

గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డ్ 1992లో పొదుపు సంఘాలను బ్యాంకులతో కలపడం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ బ్యాంకు వాళ్లు అప్పు ఇచ్చే ముందు చూసేవాటిలో ఈ పుస్తకాలు ఒకటి. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, వాయిదా చెల్లింపు, వాటితో సమానంగా పుస్తక నిర్వహణ, వీటినే పంచసూత్రాలంటారు. ఎంబీఏలు చదివినవాళ్లు కూర్చునే ఏసీ గదిలో రాసే మినిట్స్ కన్నా ఆ చాప మీద రాసిన మినిట్స్ వంద రెట్లు నయం అని నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. అక్కడ డబ్బు వాళ్లది, అప్పు వాళ్లది. తన మాట పుస్తకంలోకి ఎక్కిందో లేదో ఆ పెద్దామె తేల్చుకున్నాకే వేలు పెట్టింది.

లేచే ముందు చదివి వినిపించడం నేను వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను. ఐదు నిమిషాలు. నిర్ణయాలు మాత్రమే చదువుతాను, చర్చ కాదు. చదివేటప్పుడే ‘నేను అలా అనలేదే’ అంటారు, అప్పుడే దిద్దేస్తాం, తర్వాత గొడవ ఉండదు. అలాగే మినిట్స్ అదే రోజు పూర్తి చేయాలి. రేపు చేద్దాంలే అనుకుంటే రాత్రికి సగం మరిచిపోతాం, వారం దాటితే జరిగింది కాకుండా జరిగితే బాగుండేది అనుకున్నది రాస్తాం. ఇది ఎవరినో అనడం కాదు, నా చేతి రాతలోనే నేను చూసుకున్నాను. వచ్చే మీటింగులో మొదటి అంశంగా పోయినసారి పెండింగ్ పనులు ఒక్కొక్కటీ పేరుతో సహా చదవాలి. ఈ ఒక్కటి చేస్తే చాలు, మిగతావన్నీ వాటంతటవే దారికొస్తాయి. తన పేరు మూడోసారి పెండింగ్‌లో చదివించుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

ఈ మధ్య ఇంకో మాట వినిపిస్తోంది, మినిట్స్ ఎందుకు, మీటింగ్ రికార్డ్ చేస్తే సరిపోతుంది కదా, కంప్యూటరే రాసిస్తుంది కదా అని. మా అబ్బాయి మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, వాళ్ల దగ్గర మినిట్స్‌నే ‘ఎంవోఎం’ (మినిట్స్ ఆఫ్ మీటింగ్) అంటారు, ఇప్పుడది కంప్యూటరే తయారు చేస్తోందట. ఒక రోజు నాకు చూపించాడు. చాలా శుభ్రంగా ఉంది, నిజమే. కానీ వాళ్లు సగం తెలుగు, సగం ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు, ఒకతను ‘గురువారం లోపు అయితే కుదరదు’ అన్నాడట, కాగితం మీద ‘గురువారం లోపు’ అని వచ్చింది. మన భాషలో కాదు, లేదు, కుదరదు అనేవి వాక్యం చివర్లో వస్తాయి, ఆ చివరి ముక్క జారిపోతే అర్థం తలకిందులవుతుంది. వాడుకోవద్దని అనను, నాకు ఆ రోజుల్లో అలాంటిది ఉంటే చెయ్యి నొప్పి తగ్గేది. కానీ గదిలో ఉన్న మనిషి ఒకరు దాన్ని చదివి, దిద్ది, ఇది నిజమని పేరు పెట్టాలి. గంటన్నర రికార్డింగును ఎవరూ మళ్లీ వినరు. వినని రికార్డు ఉన్నా లేనట్టే.

అన్నీ అందరికీ పంపే మినిట్స్‌లో రాయకూడదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఒకరి జబ్బు, ఒకరి ఇంటి సమస్య, ఒక ఆడపిల్ల ఇచ్చిన ఫిర్యాదు, ఇవి ఊరంతా తిరిగే కాగితంలో ఉండకూడదు. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ఫిర్యాదు చేసినామె పేరు, విచారణ వివరాలు బయటపెట్టకూడదని చెబుతుంది. వాటికి వేరే ఫైలు, వేరే తాళం. గుట్టు కాపాడటం వేరు, తప్పు దాచడం వేరు, రాసేవాళ్లకు ఆ తేడా తెలిసి ఉండాలి.

ఆఖరుగా, రాసేవాళ్ల గురించి. ఏ గదిలోకైనా వెళ్లి చూడండి, మినిట్స్ రాసేది కొత్తగా చేరిన అమ్మాయో, అందరికన్నా తక్కువ జీతం ఉన్న మనిషో అయ్యుంటారు. టీలు చెప్పేది, ప్రొజెక్టర్ పెట్టేది కూడా ఆమే. ఆమె టీ కోసం బయటికి వెళ్లిన ఐదు నిమిషాల్లోనే ముఖ్యమైన నిర్ణయం అయిపోతుంది, తర్వాత ‘రాయలేదేం’ అని ఆమెనే అంటారు. పైగా రాసే మనిషి మాట్లాడకూడదన్నట్టు చూస్తారు. దయచేసి ఆ పనిని వంతులవారీగా చేయండి, పెద్ద హోదాలో ఉన్నవాళ్లు కూడా ఒక్కో నెల రాయండి. రాయడానికి కూర్చున్నవాళ్లు ‘ఆగండి, నాకు అర్థం కాలేదు’ అంటే ఆగండి. కొత్తవాళ్లకు పాత ఫైలు పడేసి వదిలేయకుండా ఒక పూట కూర్చోబెట్టి నేర్పండి. నాకు ఎవరైనా ఒక పూట నేర్పి ఉంటే, మేనేజర్ గారు పెన్సిల్‌తో చుట్టిన రోజు ‘ఇది తీయలేనండీ’ అనే ధైర్యం నాకు వచ్చి ఉండేది.

ప్రభుత్వ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు కూడా ఒక మాట. సమాచార హక్కు చట్టం 2005 నాలుగో సెక్షన్ ప్రకారం ప్రతి కార్యాలయం తన దగ్గరున్న బోర్డులు, కమిటీల వివరాలు, వాటి మీటింగుల మినిట్స్ ప్రజలు చూడొచ్చో లేదో ఎవరూ అడక్కుండానే ప్రకటించాలి. గ్రామసభలో, స్కూలు కమిటీలో మీరు మాట్లాడిన మాట రికార్డుకు ఎక్కిందో లేదో వెళ్లి చూసుకోండి. ఎక్కకపోతే అడగండి.

మీ పత్రికను నేను కోరేది రెండు. వారానికోసారి ఉద్యోగాల పేజీ వేస్తారు కదా, అందులో ఒక పావు పేజీ కేటాయించి తెలుగులో మినిట్స్ నమూనా ఒకటి వేయండి, కత్తిరించి గోడకు అతికించుకునేటట్టు. రెండోది, సేఫ్టీ కమిటీ మినిట్స్ కార్మికులు చదవగలిగే భాషలో ఉండాలని, నోటీసు బోర్డు మీద పెట్టాలని రెండు రాష్ట్రాల కార్మిక, ఫ్యాక్టరీల శాఖలను మీ సంపాదకీయంలో అడగండి. నేను అడిగితే ఒక రిటైరైన ఉద్యోగిని ఉత్తరం, మీరు అడిగితే పదిమంది చదువుతారు.

పోయిన నెల పీఎఫ్ కాగితాల పని మీద మా పాత ఆఫీసుకు వెళ్లాను. నా కుర్చీలో ఇప్పుడు ఇరవై నాలుగేళ్ల అమ్మాయి ఉంది. సేఫ్టీ కమిటీ రిజిస్టర్ తీసి చూపించింది, గుండ్రటి తెలుగు రాత. ఐదో అంశం దగ్గర ఒక పేరు, ఒక తేదీ, దాని పక్కన ఎర్ర సిరాతో ‘మార్చారు, నేను వెళ్లి చూశాను’ అని ఉంది. నువ్వే వెళ్లి చూశావా అని అడిగాను. ‘అవునాంటీ, రాసింది నేనే కదా’ అంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఆఫీసు ఉద్యోగిని,
హైదరాబాద్